సారా గొట్టానికి గాజు కిటికీలు పెట్టించుకోవాలా?

న్యూజిలాండ్‌లోని హామిల్టన్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇంట్లో సారా కాచుకుందామని 25 లీటర్ల బాయిలర్ కొన్నాను. పైన బిగించే గొట్టం గాజు కిటికీలున్నది తీసుకుంటే లోపల జరిగేదంతా కనిపిస్తుందని షాపతను అంటున్నాడు. ఆ డబ్బు పెట్టొచ్చా? లేదంటే ఉన్న గొట్టానికే కన్నం చేసి ఆక్రిలిక్ పలక అతికించనా?"

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో సారా కాచుకోవడం నేరం కాదు. అమ్మడం మాత్రం నేరమే. దీపావళి విందుకి సీసా ఇచ్చి ఖర్చుల కింద డబ్బు పుచ్చుకోవద్దు. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు ఇది చదివి మొదలుపెట్టకండి, అక్కడ లైసెన్సు లేకుండా సొంతానికైనా కాయకూడదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా వేలంపాటలకి ఎదురు నిలిచిన నెల్లూరు జిల్లా నాది. సారా ఎన్ని ఇళ్లు కూల్చిందో చూస్తూ పెరిగాను. అందుకే ఈ పని చేస్తే ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యమని ప్రతివాళ్లకీ చెబుతాను.

ఇక కిటికీ. నీ గొట్టం ఎలాంటిదన్న దాన్నిబట్టే జవాబు. బాయిలర్ మీద మామూలు గొట్టం, దాని చివర ఆవిరిని చల్లార్చే కండెన్సర్, అంతే ఉంటే కిటికీ అక్కర్లేదు. అందులోంచి చూసినా కనిపించేది ఆవిరి చెమ్మ పట్టిన గాజే. నీకు కావాల్సిన కబురు థర్మామీటరూ, కిందికి కారే ధారలో పెట్టిన ఆల్కహాల్ మీటరూ చెబుతాయి. ఆ డబ్బుతో మంచి థర్మామీటరు కొనుక్కో.

గొట్టం లోపల అంచెలంచెలుగా పళ్లేలుంటే కథ వేరు. ఒక్కో పళ్లెం మీద పలచగా ద్రవం నిలబడి, కింది నుంచి వచ్చే ఆవిరి దాంట్లోంచి బుడగలుగా పైకి పోవాలి. వేడి తగ్గితే పళ్లెం ఎండిపోతుంది. ఎక్కువైతే ద్రవం కిందికి దిగలేక పై పళ్లెం దాకా నిండిపోతుంది. ఈ రెండూ థర్మామీటరు చెప్పేలోపే కంటికి కనిపిస్తాయి. అలాంటి గొట్టానికి కిటికీ సోకు కాదు, అవసరం.

ఇంకోచోట కూడా పనికొస్తుంది. బాయిలర్‌కి సరిగ్గా పైన ఒక్క కిటికీ ఉంటే ఊట, అంటే కాచడానికి పులియబెట్టి పోసిన ద్రవం, పొంగడం ముందే తెలుస్తుంది. కుకర్లో పప్పు నీళ్లు పొంగి విజిల్లోంచి చిమ్మినట్టే, ఊట నురగ కట్టి గొట్టమెక్కి సీసాలోకి దిగుతుంది. బెల్లం ఊటకి ఇది మరీ ఎక్కువ. నురగ గాజులో కనపడగానే వేడి తగ్గిస్తే ఆ రోజు కాపు దక్కుతుంది. నాకు మిగిలింది ఆ ఒక్క కిటికీయే. మిగతావి తీసేశాను, ఎందుకో చెబుతాను.

ఐదేళ్ల కిందట చవగ్గా దొరికిందని నాలుగు కిటికీల గొట్టం కొన్నాను. జులై నెల, ఇక్కడ అది చలికాలం, గ్యారేజీలో వేళ్లు కొంకర్లు పోయే చలి. కండెన్సర్ పైపు ఊడి చన్నీళ్లు కాలుతున్న గాజు మీద చిలికాయి. టప్‌మని ఒక్క చప్పుడు, గాజుకి అడ్డంగా వెంట్రుకంత గీత. ఆ గీతలోంచి ఆవిరి సన్నగా బుసకొడుతూ బయటికొచ్చింది. స్విచ్ ఆపి, గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తేసి, మా ఆవిడని పిల్లాణ్ణీ వీధిలోకి పంపేశాను. కరెంటు హీటరు కాబట్టి బతికాం. ఆల్కహాల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటూ పోయి గీజరు మంటని చేరిందంటే అంటుకుంటుంది. విరిగింది మామూలు కిటికీ గాజని తర్వాత తెలిసింది. బోరోసిలికేట్ గాజు వేడికి దాంట్లో మూడోవంతే వ్యాకోచిస్తుంది, అందుకే చటుక్కున పగలదు. కొనేముందు అది బోరోసిలికేటేనా అని రాయించుకో. నోటిమాట నమ్మొద్దు.

కిటికీకి రెండువైపులా గాస్కెట్లుంటాయి. ఎన్ని కిటికీలు పెడితే ఆవిరి కారడానికి అన్ని చోట్లు. కుకర్ గాస్కెట్ లాంటి మామూలు రబ్బరు పనికిరాదు, ఆల్కహాల్ ఆవిరికి ఉబ్బి వాసనేస్తుంది. టెఫ్లాన్‌వి తీసుకో. క్లాంపులు చేత్తో బిగిసినంతే బిగించు, స్పానర్ వేస్తే గాజు అంచు చిట్లుతుంది.

ఊట పొయ్యకముందు ఒకసారి ఉత్త నీళ్లతో నడిపి చూడు. ప్రతి అతుకు దగ్గరా చల్లటి స్టీలు గరిటె పట్టుకుంటే, ఆవిరి కారేచోట గరిటె మీద చెమ్మ పడుతుంది. అలాంటిచోట వేడిగా ఉండగా బిగించకు. ఆపి, చల్లారాక విప్పి మళ్లీ అమర్చు. ఆవిరి బయటికి పోయే చివర ఎప్పుడూ మూసుకుపోకూడదు. కిటికీ ఉన్నా లేకపోయినా గొట్టం నడుస్తున్నంతసేపూ అక్కడే కూర్చో, టీకని కూడా ఇంట్లోకి పోవద్దు.

ఆక్రిలిక్ పలక సంగతి అడిగావు. వద్దు తమ్ముడూ. ఊట మరిగేసరికే వేడి 90 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఆక్రిలిక్ మెత్తబడుతుంది, ఆల్కహాల్‌కి సన్నసన్నగా పగుళ్లిస్తుంది. నీది పళ్లేలు లేని గొట్టమైతే కన్నం చెయ్యకుండా అలాగే ఉంచు.