థ్రిఫ్ట్ స్టోర్లలో పాత టికీ మగ్గులు, హవాయి వస్తువులు దొరుకుతాయా? ముందు తిరగేసి అడుగు భాగం చూడండి

మీరు అడిగింది ఇదీ: కాలిఫోర్నియా వచ్చి ఏడాదైంది, ఆఫీసులో ఒకాయన ఇంటికి భోజనానికి వెళ్తే అరల నిండా టికీ మగ్గులు, అంటే పసిఫిక్ దీవుల దేవుళ్ల ముఖాల ఆకారంలో పోతపోసిన, బార్లలో మందు ఇచ్చే పింగాణీ మగ్గులు కనిపించాయి, మనసు పారేసుకున్నారు, తీరా ఆన్‌లైన్‌లో ధరలు చూసి వెనక్కి తగ్గారు. జనం ఇచ్చేసిన పాత సామాను అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో ఇలాంటివి నిజంగా దొరుకుతాయా, దొరికినా అది 1960ల నాటిదో మొన్నీమధ్య చేసిందో ఎలా తెలుస్తుంది అని.

దొరుకుతాయి. పదకొండేళ్లుగా లాంగ్ బీచ్, శాన్ డియాగో చుట్టుపక్కల షాపులు తిరుగుతున్నాను, నా దగ్గరున్న వాటిలో ముప్పాతిక వంతు పది డాలర్ల లోపు వచ్చినవే. కాకపోతే మగ్గుల అర ఒక్కటీ చూసి బయటికి వచ్చేస్తే మాత్రం ఏమీ దొరకదు. మొదటి రెండేళ్లు నేను చేసింది అదే. ఆ తర్వాత తెలిసొచ్చిన సంగతి ఏమిటంటే, ఈ వస్తువులు ఒంటరిగా రావు. ఒక ఇంట్లోంచి, ఒకే అట్టపెట్టెలో వస్తాయి. ఒకటి కనిపించిందంటే దానికి తోడుగా వచ్చినవి ఆ షాపులోనే ఇంకెక్కడో ఉన్నాయని నేను నమ్ముతాను, చాలాసార్లు నిజమైంది కూడా.

ఎందుకో చెప్తాను. పసిఫిక్ దీవుల అలంకరణతో నడిచే ఈ టికీ బార్ల మోజు 1933లో హాలీవుడ్‌లో డాన్ ద బీచ్‌కోంబర్ అనే బార్‌తో మొదలైంది. మరుసటి ఏడాది ఓక్లాండ్‌లో విక్టర్ బెర్జెరాన్ పెట్టిన చిన్న హోటల్ కొన్నేళ్లకి ట్రేడర్ విక్స్ అనే పేరున్న టికీ రెస్టారెంట్ అయింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, పసిఫిక్ దీవుల్లో పనిచేసిన నేవీ వాళ్లు ఇళ్లకి తిరిగొచ్చారు, వాళ్లలో చాలామంది శాన్ డియాగో, లాంగ్ బీచ్‌లలోనే స్థిరపడ్డారు. 1959 ఆగస్టు 21న హవాయి 50వ రాష్ట్రమైంది, అదే ఏడాది జెట్ విమానాలు మొదలై, ఓడలో నాలుగైదు రోజులు పట్టే ప్రయాణం కాస్తా ఐదు గంటల్లోకి వచ్చేసింది. మామూలు ఉద్యోగస్తులు కూడా పెళ్లిరోజుకి హవాయి వెళ్లి, గుర్తుగా ఒక చెక్క గిన్నె, ఒక చొక్కా, ఒక బొమ్మ తెచ్చుకున్నారు. ఆ తరం వాళ్లకి ఇప్పుడు ఎనభై తొంభై ఏళ్లు. వాళ్ల తర్వాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లలు నగలు, మంచి ఫర్నిచర్ తీసుకుని మిగతాది థ్రిఫ్ట్ స్టోర్‌కి ఇచ్చేస్తారు. అక్కడ పనిచేసేవాళ్లు ఆ పెట్టె విప్పి, మగ్గుని పింగాణీలోకి, చొక్కాని బట్టల్లోకి, గిన్నెని వంట సామాన్లలోకి, కాగితాలని పుస్తకాల్లోకి పంపేస్తారు. చెల్లాచెదురైన ఆ పెట్టెని మళ్లీ ఒకచోట చేర్చడమే నేను చేసే పని.

పోయినేడాది మార్చిలో ఒక మంగళవారం ఉదయం ఇలాగే ఒక షాపుకి వెళ్లాను. వంట సామాన్ల అరలో స్టీలు గరిటెల కింద ఆకు ఆకారంలో ఒక చెక్క గిన్నె ఉంది, 3.99 డాలర్లు. అడుగున కాగితం స్టిక్కర్ సగం చిరిగిపోయి 'హవాయి' అన్న మాట ఒక్కటే మిగిలింది. వెంటనే అది బండిలో పెట్టుకుని షాపు మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టాను. మగవాళ్ల చొక్కాల రాకులో గరుకు నేత కాటన్ చొక్కా ఒకటి దొరికింది, కొబ్బరి చిప్ప బొత్తాలు. పుస్తకాల దగ్గర రెండు వంటల పుస్తకాల మధ్య ఇరుక్కుని పెద్ద సైజు అట్ట కనిపించింది, లాగి చూస్తే మాట్సన్ ఓడల కంపెనీ వాళ్ల భోజనాల మెనూ, 99 సెంట్లు. ఆ కంపెనీ 1938లో యూజీన్ సావేజ్ అనే చిత్రకారుడికి హవాయి చరిత్ర మీద పెద్ద బొమ్మలు వేసే పని అప్పజెప్పింది, యుద్ధం తర్వాత వాటినే మెనూ అట్టలుగా అచ్చేయించి ప్రయాణికులకి ఇచ్చేది, అందుకే జనం పారేయకుండా దాచుకున్నారు. నాకు దొరికిన దాని లోపల మూలన పెన్సిల్‌తో ఇద్దరి పేర్లూ, 1956 అనీ రాసి ఉంది. అది చదివాక కాసేపు అక్కడే నిలబడిపోయాను. చివరికి మగ్గు కూడా దొరికింది, కానీ మగ్గుల దగ్గర కాదు, బాత్రూం సామాన్లలో టూత్‌బ్రష్‌ల స్టాండుగా పెట్టారు. గోధుమ రంగు మెరుగు, కళ్ల గాడిలో ఏళ్ల నాటి దుమ్ము గట్టిపడి ఉంది, నోటి అంచు దగ్గర మాత్రం రంగు కాస్త పలచబడింది.

ఇక పాతదో కొత్తదో తేల్చుకోవడం. ముఖం చూసి మోసపోవద్దు, తిరగేసి అడుగు చదవండి. 'ఆర్కిడ్స్ ఆఫ్ హవాయి' అని ఉండి, పక్కన ఇంగ్లీష్ ఆర్ అక్షరం, ఒక నంబరు, జపాన్ అని ఉంటే అది రెస్టారెంట్ల కోసం చేసిన పాత సరుకు. పేరులో హవాయి ఉన్నా కంపెనీ న్యూయార్క్‌ది, తయారీ జపాన్‌లో, ఎక్కువగా వాడింది చైనీస్ రెస్టారెంట్లు, కాబట్టి ఇవి ఏ రాష్ట్రంలోనైనా తగులుతాయి. ఓఎంసీ అంటే శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒటగిరి కంపెనీ, వాళ్లది తరచుగా స్టిక్కర్ మాత్రమే, అది ఊడిపోయి ఉంటే అడుగున ఏమీ కనిపించదు, అంతమాత్రాన వదిలేయకండి. పీఎంపీ అని ఉంటే పాల్ మార్షల్ ప్రాడక్ట్స్, అదీ కాలిఫోర్నియా కంపెనీయే. రెస్టారెంట్ పేరు, ఊరు పేరు అచ్చుగుద్ది ఉంటే ఇంకా మంచిది. ఒహాయోలో కొలంబస్‌లోని కహీకీ అనే టికీ రెస్టారెంట్ 1961లో తెరిచారు, 2000లో కూల్చేశారు, అలాంటి చోటి మగ్గు చేతికొస్తే దాన్ని కడిగేటప్పుడు కూడా జాగ్రత్తగా పట్టుకుంటాను.

'టికీ ఫార్మ్' అని ఉంటే అది 2000 తర్వాతి సరుకు, ఎక్కువగా చైనాలో చేయించినవి. అవి చెడ్డవని కాదు, బాగుంటాయి, వాటిని సేకరించేవాళ్లు వేరే ఉన్నారు. మొదట్లో ఒక పాత సామాన్ల షాపులో '1960ల నాటిది' అని చీటీ కట్టిన మగ్గుకి 25 డాలర్లు ఇచ్చాను, ఇంటికొచ్చి తిరగేస్తే అడుగున ఆ ముద్రే స్పష్టంగా ఉంది. చీటీ చదివినంత శ్రద్ధగా అడుగు చదివి ఉంటే ఆ రోజే తెలిసేది.

అడుగు చూశాక మోగించి చూడండి. మా అమ్మ సంతలో కుండ కొనేముందు ఎడమ అరచేతిలో పెట్టుకుని కుడి చేతి వేలి కణుపుతో కొట్టి వినేది, ఖంగుమంటే తీసుకునేది, ఓటి మోత వస్తే పక్కన పెట్టేసేది. ఇక్కడ కూడా అంతే. పై మెరుగులో సాలెగూడులాంటి సన్నటి గీతలుంటే పర్లేదు, వయసుతో వస్తాయి, కానీ మోత ఓటిగా ఉందంటే మట్టిలోనే ఎక్కడో బీట ఉందన్నమాట. అరచేతిలో బోర్లించి కాకుండా తెరిచిపెట్టి కొట్టండి, చెయ్యి అంచుకి తగిలితే మోత చచ్చిపోతుంది. ఇంకొకటి, పాత మగ్గుల రంగుల్లో సీసం ఉండొచ్చు, నిమ్మరసం, అనాసరసం లాంటి పులుపు పోస్తే అది దిగే ప్రమాదం ఉంది. అందుకని నేను వాటిలో ఏదీ పోసుకుని తాగను, ఇంట్లో చిన్నపిల్లలుంటే మీరు ఈ విషయంలో అసలు రాజీ పడొద్దు.

మగ్గులు కాక బొమ్మలు. నల్లగా రాయిలా, లేదా ముదురు చెక్కలా కనిపించే చిన్న బొమ్మలు తగులుతుంటాయి, చేత్తో చెక్కినవి అనుకుంటారు. చాలావరకు పోతపోసినవే. 'కోకో జోస్' అనే హవాయి కంపెనీ మకడామియా గింజల పెంకుల పొడిని కలిపి 'హాపా వుడ్' పేరుతో చేసేది, అడుగున పేరు, నంబరు ఉంటాయి. ఫ్రాంక్ షిర్మన్ పేరుతో ఉన్నవి కూడా హవాయిలో చేసినవే. నాలుగైదు డాలర్లకి దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి.

చెక్క గిన్నెల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనుంది. హవాయి గిన్నెల్లో ఎక్కువగా కనిపించే మంకీపాడ్ అంటే మరేదో కాదు, మన నిద్రగన్నేరు. హైదరాబాద్‌లో రోడ్డుకి రెండు పక్కలా గొడుగులా కమ్ముకుని, సాయంత్రానికి ఆకులు ముడుచుకునే చెట్టు. అది మనదీ కాదు, హవాయిదీ కాదు, అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి రెండు చోట్లకీ వచ్చింది. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు ఆ గిన్నెని చేతిలో పట్టుకుని మా హైస్కూలు ముందున్న చెట్టుని తలుచుకున్నాను. మధ్యలో ముదురు గోధుమ, అంచున లేత పసుపు, రెండు రంగులూ కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది మంకీపాడ్. చాలా గిన్నెలు ఫిలిప్పీన్స్‌లో చేసి హవాయిలో అమ్మినవి, స్టిక్కర్ మీద ఆ దేశం పేరు ఉంటుంది. ఇంకో చెక్క పేరు కోవా, అది హవాయిలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు, ఆ గిన్నెని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే పట్టుచీర మడతలా లోపల్నుంచి మెరుపు కదులుతుంది. ఆ మెరుపు ఒక్కసారి చూస్తే మళ్లీ పొరపాటు పడరు.

చొక్కాల్లో ముందు మెడ దగ్గర లేబుల్, తర్వాత పక్క కుట్టు చూడండి. ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ తప్పనిసరి చేసే నిబంధన అమెరికాలో 1972లో అమల్లోకి వచ్చింది, కాబట్టి అది ఉంటే 1950ల చొక్కా అని ఎవరు చెప్పినా నమ్మక్కర్లేదు. లేకపోతే పాతదని రుజువైనట్టు కాదు, కత్తిరించేసి ఉండొచ్చు, కుట్టులో దాని మొదలు మిగిలిందేమో వేలితో తడమండి. జేబు మీద పువ్వు, చొక్కా మీద పువ్వు ఎక్కడా తెగకుండా కలిసిపోయి ఉంటే కుట్టినవాడు శ్రద్ధ పెట్టాడని అర్థం. హొనలులులో చొక్కాలు చేయించి పేరు తెచ్చుకున్న ఆల్‌ఫ్రెడ్ షాహీన్ లేబుల్ కనిపిస్తే ఆలోచించకుండా తీసుకోండి. పాత రేయాన్ చొక్కాని మాత్రం మెషీన్‌లో వేయొద్దు, రేయాన్ తడిస్తే బలం తగ్గిపోతుంది, నాకు దొరికిన మొదటి మంచి చొక్కా భుజం అలాగే చిరిగింది, ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక్కడ మన దేశం వాళ్ల పేరు ఒకటి తప్పక గుర్తుపెట్టుకోండి, వాటుమల్. సింధ్‌లోని హైదరాబాద్ నుంచి వెళ్లిన జమన్‌దాస్ వాటుమల్ 1914లో హొనలులులో ఈస్ట్ ఇండియా స్టోర్ తెరిచాడు, తర్వాత తమ్ముడు గోవింద్‌రామ్ వచ్చి చేరాడు. అప్పటిదాకా ఈ చొక్కాల మీద ఎక్కువగా జపాన్ బొమ్మలే ఉండేవి. 1936లో గోవింద్‌రామ్ మరదలు ఎల్సీ దాస్ హవాయి పువ్వులు గీసి ఇస్తే, వాటిని జపాన్‌లో పట్టు మీద అచ్చు వేయించి తెప్పించారు. వాటుమల్స్ లేబుల్ ఉన్న చొక్కా నాకు ఒక్కటే దొరికింది, అమ్మమని ఇద్దరు అడిగారు, ఇవ్వలేదు.

ఒక మాట మనసులోంచి చెప్తున్నాను. టికీ అనే మాట హవాయిది కాదు, న్యూజిలాండ్ మావోరీలది, పసిఫిక్‌లోని మార్కెసస్ దీవుల వాళ్లది. హవాయి భాషలో 'కిఇ' అంటారు, అవి దేవుళ్ల రూపాలు. 1819లో అక్కడి పాత మత కట్టుబాట్లు రద్దయినప్పుడు చాలా విగ్రహాలు తగలబెట్టేశారు, 'కూ' అనే దేవుడి పెద్ద విగ్రహాలు ప్రపంచంలో మూడే మిగిలాయి, ఒకటి హొనలులులోని బిషప్ మ్యూజియంలో, ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి మసాచుసెట్స్‌లోని సేలంలో. మన గుడిలో దేవుడి రూపాన్ని ఎవరైనా మందు గ్లాసుగా పోతపోస్తే మనకెలా ఉంటుందో, హవాయి వాళ్లలో చాలామందికి ఈ మగ్గులు చూస్తే అలాగే ఉంటుంది, ఆ మాట వాళ్లు బయటికే చెప్తున్నారు. అందుకే నేను కొత్తవి కొనడం మానేసి, ఇప్పటికే ఉన్న పాతవాటిని మాత్రం శుభ్రంగా ఎత్తయిన అరలో పెడుతున్నాను. థ్రిఫ్ట్ స్టోర్లో ఎప్పుడైనా 'పోయి' అనే చేమదుంప ముద్ద దంచే రాతి రోకలి, ఎముకతో చేసిన వస్తువు, చెట్టు బెరడుతో చేసిన పాత బట్ట లాంటివి కనిపిస్తే అవి టూరిస్టు సరుకు కాకపోవచ్చు. కొన్నాక బిషప్ మ్యూజియం లాంటి చోటికి ఫోటోలు పంపి అడగండి, ఆన్‌లైన్‌లో అమ్మకానికి మాత్రం పెట్టకండి.

ఏ రోజు వెళ్లాలంటే, శని ఆదివారాల్లో జనం ఇచ్చిన సామాను సోమ మంగళవారాల్లో అరల మీదికి వస్తుంది, నేను అప్పుడే వెళ్తాను. గుడ్‌విల్ లాంటి పెద్ద థ్రిఫ్ట్ స్టోర్లలో ఆ వారం ఏ రంగు చీటీకి తగ్గింపో బోర్డు మీద రాస్తారు, కానీ మంచి మగ్గు కనిపించాక ఆ రంగు కోసం ఆగొద్దు. గుడ్‌విల్ ఔట్‌లెట్లలో తొట్లలో పోసి పౌన్ల లెక్కన అమ్ముతారు, అక్కడికి వెళ్తే చేతికి గ్లోవ్స్ వేసుకోండి, పగిలిన గాజు ఉంటుంది.

మీరుండేది శాన్ డియాగో వైపు అయితే పాత నేవీ కుటుంబాలున్న పేటల్లోని చిన్న చర్చి షాపులతో మొదలుపెట్టండి, పెద్ద షాపుల్లో ధరలు పెరిగిపోయాయి. మొదటి మగ్గు దొరకగానే ఇక్కడ ఫోటో పెట్టండి, ముఖం తర్వాత చూద్దాం, ముందు అడుగు ఫోటో, వెలుతురులో, అక్షరాలు కనిపించేలా.