పొలం మధ్యలో ఉబ్బుతోందా? లెన్స్ లెక్క చూడండి

డ్రోన్ ఫొటోలతో చేసిన 3డీ నమూనాలో మీ చదునైన పొలం మధ్యభాగం గోపురంలా లేచిందన్నారు. ఫొటోలన్నీ ఒకే ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందికే తీశారు కదా, చిక్కు అక్కడే. అలాంటప్పుడు లెన్స్ వంపేదో నేల వంపేదో సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేదు. లెన్స్ లెక్కలో మిగిలిన తప్పును నేల మీదికి నెట్టేస్తుంది. ఓవర్‌ల్యాప్ (ఒక ఫొటోలోని నేల పక్క ఫొటోలోనూ పడే భాగం) 90 శాతానికి పెంచినా ఈ ఉబ్బు పోదు, బ్యాటరీలు దండగ. వరుసలుగా ఎగిరే మామూలు గ్రిడ్ అయ్యాక కెమెరాను నిలువు నుంచి 20–30 డిగ్రీలు వాల్చి, అడ్డంగా మరికొన్ని వరుసలు తీయండి. కంట్రోల్ పాయింట్లన్నీ (చోటు, ఎత్తు కచ్చితంగా కొలిచిన నేల గుర్తులు) గట్ల మీదే పెట్టారు, మధ్యలోనూ ఉండాలి. ఒకటి రెండు పాయింట్లను లెక్కలో కలపకుండా పక్కన ఉంచి, వాటితో ఎత్తు సరిచూసుకోండి.

మళ్లీ ఎగరేయడం కుదరదా? పాత ఫొటోల్లో స్పష్టంగా కనిపించే బోరు దిమ్మ లాంటివాటిని డీజీపీఎస్‌తో (మామూలు దానికంటే కచ్చితమైన జీపీఎస్) కొలిచి, వాటినే కంట్రోల్‌గా ఇచ్చి ప్రాసెస్ చేయండి. ఉబ్బు చాలావరకు దిగుతుంది.