ట్రంక్ మీదే ఉన్నా కమిట్లు రిలీజ్ బ్రాంచికి ఎందుకు వెళ్లాయి?

మీరు చెప్పింది ఇదీ: సర్వర్‌లో సబ్‌వెర్షన్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే వ్యవస్థ), మీ ల్యాప్‌టాప్‌లో గిట్-ఎస్‌వీఎన్ (గిట్ నుంచే ఆ సర్వర్‌తో పని చేయించే సాధనం). ట్రంక్‌లోకి, అంటే ప్రధాన బ్రాంచిలోకి, రిలీజ్ బ్రాంచిని మెర్జ్ చేసి (కలిపి), ఇంకో రెండు మార్పులు కమిట్ చేసి (చరిత్రలో నమోదు చేసి) డీకమిట్ (లోకల్ కమిట్లను సబ్‌వెర్షన్ సర్వర్‌కి పంపే ఆదేశం) కొడితే అవి రిలీజ్‌లో తేలాయి.

నేనూ ఈ దెబ్బ తిన్నవాడినే. ఒంగోలులో ఇంటి నుంచి పని చేసేవాణ్ణి. ఒక సాయంత్రం డీకమిట్ కొట్టి టీ తాగొచ్చేసరికి ఫోన్‌లో ఆరు మిస్డ్ కాల్స్. ఇక టెన్షన్ చెప్పక్కర్లేదు.

తప్పంతా ఫాస్ట్-ఫార్వర్డ్‌ది. రిలీజ్ విడిపోయాక ట్రంక్‌లో కొత్త కమిట్ ఏదీ లేకపోతే, గిట్ మెర్జ్ కమిట్ చేయదు. మీ ట్రంక్‌ని రిలీజ్ చివరి కమిట్ దగ్గరికి జరిపేసి ఊరుకుంటుంది. డీకమిట్ మాత్రం మీ లోకల్ బ్రాంచి పేరు చూడదు. ఫస్ట్ పేరెంట్ (ఒక్కో కమిట్‌కి ముందున్న వాటిలో మొదటిది) దారినే వెనక్కి నడిచి, మొదట కనిపించిన గిట్-ఎస్‌వీఎన్-ఐడీ లైన్లో (కమిట్ సందేశంలో గిట్-ఎస్‌వీఎన్ రాసిపెట్టేది) ఏ అడ్రస్ ఉంటే అక్కడికే పంపుతుంది. ఒంగోలు బస్టాండులో అద్దంకి బస్సులు ఆగేచోట నిలబెట్టినంత మాత్రాన కనిగిరి బస్సు అద్దంకి పోతుందా? బోర్డు మీద ఉన్న ఊరే లెక్క.

సబ్‌వెర్షన్‌లోకి వెళ్లిన రివిజన్‌ను చెరిపేయలేం. నేను రిలీజ్‌లో ఆ రెండింటికీ రివర్స్ మెర్జ్ చేసి (ఆ మార్పులను వెనక్కి తీసి), లోకల్ ట్రంక్‌ని సర్వర్ ట్రంక్ దగ్గరికి రీసెట్ చేశాను. తర్వాత నో-ఎఫ్‌ఎఫ్ ఆప్షన్‌తో (ఫాస్ట్-ఫార్వర్డ్ వద్దని చెప్పేది) మళ్లీ మెర్జ్ చేసి, ఆ రెండు కమిట్లనూ చెర్రీ-పిక్ చేశాను (ఏరి తెచ్చుకున్నాను). రీసెట్‌కి ముందు వాటి హ్యాష్‌లు (కమిట్ల గుర్తింపు కోడ్‌లు) కాగితం మీద రాసుకోండి. డీకమిట్ అయ్యాక హ్యాష్‌లు మారిపోతాయి కాబట్టి కొత్తవే రాసుకోవాలి. ఈ ముక్క నాకు ఆలస్యంగా తెలిసి ఒక గంట పోయింది.

ఇంకొకటి. మీ గిట్‌లో మెర్జ్‌గా కనిపించేది సబ్‌వెర్షన్ వాడేవాళ్లకు మామూలు రివిజన్ లాగే ఉంటుంది. వాళ్లకీ మెర్జ్ అని తెలియాలంటే మెర్జ్‌ఇన్ఫో ప్రాపర్టీ (ఏ మార్పులు ఎక్కడి నుంచి మెర్జ్ అయ్యాయో చెప్పే నోటు) పడాలి. 1.5 నుంచి సబ్‌వెర్షన్ క్లయింట్లు దాన్ని వాడుకుంటాయి. గిట్ కాన్ఫిగ్‌లో ఎస్‌వీఎన్ డాట్ పుష్‌మెర్జ్‌ఇన్ఫో ఆన్ చేస్తే గిట్-ఎస్‌వీఎనే దాన్ని నింపుతుంది, కానీ మొదటిది తప్ప మిగతా పేరెంట్లన్నీ ముందే సర్వర్‌కి చేరి ఉండాలి. నిజానికి డీకమిట్ కొట్టబోయే బ్రాంచిలో మెర్జ్ వద్దనే గిట్-ఎస్‌వీఎన్ మాన్యువల్ చెబుతుంది. సొంత ఫీచర్ బ్రాంచికైతే నేనిప్పుడు రీబేసే (మెర్జ్ కాకుండా నా కమిట్లను కొత్త చివర మీద మళ్లీ పేర్చడం) చేస్తాను.

తప్పనిసరిగా మెర్జే చేయాల్సి వస్తే, ముందు డీకమిట్‌ని డ్రై-రన్‌తో (నిజంగా పంపకుండా చూపించే ఆప్షన్) నడిపి "కమిటింగ్ టు" పక్కన ఏ అడ్రస్ వచ్చిందో చూడండి.