నాన్నను క్షమించలేకపోతున్నాను, నాది పాపమా డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. నా వయసు 24. నాన్న చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తారు. నాలుగేళ్లుగా పేకాట, క్రికెట్ బెట్టింగ్, ఫోన్‌లో రమ్మీ. ఎకరం పొలం పోయింది, అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి, నా బీఈడీ ఫీజు డబ్బు కూడా పోయింది. చివరికి చర్చికి దశమభాగం ఇవ్వాలని అమ్మ బైబిలు కవర్లో దాచిన డబ్బు కూడా తీసేశారు. మూడు నెలల కిందట చర్చిలో అందరి ముందు ఏడ్చి సాక్ష్యం చెప్పారు. అప్పటినుంచి ఆడట్లేదంటున్నారు. అమ్మ క్షమించేసింది, ఏటీఎం కార్డు తిరిగి ఇచ్చేద్దామంటోంది. నాకు మాత్రం ఆయన ఫోన్ మోగితే చాలు గుండె దడ, రాత్రి నిద్ర పట్టదు. క్షమించకపోతే దేవుడు నా ప్రార్థన వినడని పెద్దవాళ్లు అంటున్నారు. నాన్నది జబ్బా, బుద్ధా? మందులున్నాయా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎకరం పొలం పోయిన సంగతి ఒక్క ముక్కలో రాసి, బైబిలు కవర్లో డబ్బు సంగతి దగ్గర మాత్రం ఆగారు. అక్కడే దెబ్బ గట్టిగా తగిలిందని అర్థమైంది. నాలుగేళ్లు తగిలిన దెబ్బ మూడు నెలల్లో మానలేదని మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి. అమ్మ ముందే క్షమించింది, మంచిదే, అది ఆవిడ మనసు. మీకు పట్టే టైమ్ మీకు పడుతుంది.

జబ్బా, బుద్ధా అని అడిగారు. జబ్బే. అమెరికా మానసిక వైద్యులు 2013లోనే జూదాన్ని మద్యం, మత్తుమందుల పక్కన వ్యసనాల జాబితాలో చేర్చారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఇది ఉంది. గెలిచినప్పుడు మెదడుకు హుషారు వస్తుందని అందరికీ తెలుసు, కానీ ఒక్క ముక్క తేడాతో ఆట పోయినప్పుడు కూడా దాదాపు అదే హుషారు వస్తుంది, 'ఈసారి వచ్చేస్తుంది' అనిపిస్తుంది, అందుకే పోయిన డబ్బు రాబట్టడానికి మళ్లీ అప్పు చేసి మళ్లీ కూర్చుంటారు. కందుకూరు వైపునుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. ఇంట్లోవాళ్లు ఫోన్ తీసేసుకుని రెండు వారాలైంది. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన కుడిచెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లి, ఖాళీ జేబు తడుముకుని, కిందికి వచ్చేది. అలా చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. చెబితే సిగ్గుపడ్డారు. మీ నాన్న చర్చిలో కార్చిన కన్నీళ్లు అబద్ధమని నేను అనను. ఆ కన్నీళ్లూ నిజమే, ఆ చెయ్యి జేబు మీదికి వెళ్లడమూ నిజమే, రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. అలాగని జబ్బు కాబట్టి చేసిన పనికి ఆయన పూచీ లేదనుకోవద్దు. వైద్యం చేయించుకోవడం, అప్పు తీర్చడం ఆయన బాధ్యతే.

ఇక ఏటీఎం కార్డు. ఇవ్వకండి. ఈ విషయంలో అమ్మకు నా మాటగా చెప్పండి. నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాదు గానీ చిన్నప్పుడు మిషన్ స్కూల్లో చదివాను, తప్పిపోయిన కుమారుడి కథ అక్కడే విన్నాను. తన వాటా ఆస్తి తీసుకెళ్లి తగలేసిన చిన్నకొడుకు తిరిగొస్తే తండ్రి పరుగెత్తి కౌగిలించుకున్నాడు, మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు ఇచ్చాడు, విందు చేశాడు. ఆస్తి మాత్రం మళ్లీ పంచలేదు, మిగిలిందంతా నీదేనని పెద్దకొడుకుతోనే చెప్పాడు. ఆ పెద్దకొడుకు కోపంతో లోపలికి రాకపోతే కూడా తండ్రి తిట్టలేదు, తానే బయటికొచ్చి బతిమాలాడు. మీరిప్పుడు ఆ గుమ్మం బయటే నిలబడి ఉన్నారు, అంతే. మీ పాస్టర్ గారితో ఈ మాట ఒకసారి మాట్లాడి చూడండి.

జీతం అమ్మ ఖాతాకు మళ్లించండి, ఫోన్‌పే, గూగుల్ పే ఆయన ఫోన్‌లో వద్దు, వీలైతే కొన్నాళ్లు మామూలు బటన్ ఫోన్ వాడమనండి. ఆయన ఆధార్, పాన్ కార్డులు అమ్మ దగ్గరుంటే లోన్ యాప్‌ల పీడ కొంత తగ్గుతుంది. బాబాయిలకు, మేనమామలకు, ఫ్యాక్టరీలో స్నేహితులకు ఎవరూ చేబదులు ఇవ్వొద్దని ఆయన ముందే చెప్పండి, చాటుగా చెబితే అవమానం అవుతుంది. ఉన్న అప్పులన్నీ ఆయన చేత్తోనే ఒక నోటు పుస్తకంలో రాయించండి, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత. మొదటిసారి అన్నీ చెప్పరు, ఒకటో రెండో దాస్తారు, దానికి సిద్ధంగా ఉండండి. తీర్చేటప్పుడు డబ్బు ఆయన చేతికివ్వకుండా అప్పిచ్చినవాళ్లకే కట్టండి. లోన్ యాప్ వాళ్లు బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి, అయినా ఏదో ఒక లింకు వాట్సాప్‌లో వస్తూనే ఉంటుంది, పైగా క్రికెట్ సీజన్ మొదలైతే టీకొట్టు దగ్గర కూడా అదే మాట.

మందుల సంగతి. జూదం కోసమే తయారైన మాత్ర లేదు. నాల్‌ట్రెక్సోన్ అనే మందు కొందరికి ఆ తహతహ తగ్గిస్తుంది, డాక్టర్ చూసి ఇవ్వాల్సిందే. ఎక్కువ పనిచేసేది కౌన్సెలింగ్, ఏ సమయంలో, ఏ ఆలోచనతో చెయ్యి ఆటవైపు వెళ్తుందో గుర్తించి మార్చుకునే పద్ధతి. దాంతోపాటు డిప్రెషన్, తాగుడు ఉన్నాయేమో చూస్తారు. ఇంకో ముఖ్యమైన విషయం, చేతులు వణకడానికో, రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయనో ఆయన ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు వాడుతున్నారా? వాటివల్ల కొందరికి జూదం పిచ్చి పట్టుకుంటుంది. వాడుతుంటే సొంతంగా ఆపకుండా రాసిన డాక్టర్‌కి చెప్పండి.

ఒక్క మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 'నేను లేకపోతే మీరు సుఖంగా ఉంటారు' అని ఆయన ఎప్పుడన్నా అంటే, అప్పుల్లో ఉన్న మనిషి ఊరికే అన్నాడనుకోకండి. ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తీసేయండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రైనా పగలైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఆ నంబరు మీక్కూడా పనికొస్తుంది.

మీ గుండె దడ, నిద్రలేమి నాలుగేళ్ల టెన్షన్ వల్లే కావచ్చు. అయినా ఒకసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈసీజీ చూపించుకోండి. ఆయన ఫోన్ చాటుగా చెక్ చేసే పని మీ మీద వేసుకోకండి, అది అమ్మ, ఆయన కలిసి వారానికొకసారి ఎదురుగా కూర్చుని చూసుకోవాల్సిన లెక్క. మధ్యలో ఒకసారి జారినా మొత్తం పోయిందనుకోకుండా అదే వారం డాక్టర్‌కి చెప్పాలి.

ఒంగోలు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈ సోమవారమే ముగ్గురూ కలిసి ఓపీకి వెళ్లండి. ఆయన వాడే మందుల చీటీలన్నీ, ఆ అప్పుల పుస్తకం వెంట తీసుకెళ్లండి. లోపలికి వెళ్లాక పది నిమిషాలు మీరొక్కరే మాట్లాడాలని డాక్టర్‌ని అడగండి, అమ్మ ముందు చెప్పలేనివి మీ దగ్గర చాలా ఉన్నాయని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.