పెద్ద ఉప్పునీటి అక్వేరియం పెట్టే ముందు: ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంట్లో ఆరడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టి పగడాలనూ చేపలనూ కలిపి పెంచాలనుకుంటున్నావని, ముందుగా ఏ ట్యాంకు కొనాలో చెప్పమని నువ్వు రాసిన ఉత్తరం చేరింది. ట్యాంకు సంగతి కాసేపు పక్కన పెట్టు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి గనుక నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. ఏ పరికరం కొంటున్నా, అర్ధరాత్రి కరెంటు పోయి ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నప్పుడు, లేదా ఆ పరికరమే చెడిపోయినప్పుడు ఏం జరుగుతుందో ముందుగా ఆలోచించుకుని కొను. అన్నీ సవ్యంగా నడిచే రోజున ఏ అమరికైనా బాగానే కనిపిస్తుంది. చేపలు చచ్చిపోయేది, గదిలోకి నీళ్లు వచ్చేది ఆ ఒక్క రాత్రే. ఈ లేఖలో నేను చెప్పే ప్రతి సలహా వెనుకా ఆ రాత్రి గురించిన ఆలోచనే ఉంది.

మొదట బరువు లెక్క చూడు. పొడవు 180, వెడల్పు 60, ఎత్తు 60 సెంటీమీటర్లున్న ట్యాంకు నిండా నింపితే 648 లీటర్లు పడుతుంది. ఉప్పునీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం బరువెక్కువ కాబట్టి నీళ్లే 660 కిలోలు దాటుతాయి. 15 మిల్లీమీటర్ల మందంతో కడితే అద్దాల బరువు 150 కిలోల దగ్గర ఉంటుంది. రాళ్లు, ఇసుక, స్టాండు, కింద సంప్‌లో (పంపు, హీటర్ల వంటి పరికరాలు ఉండే రెండో చిన్న ట్యాంకులో) ఉండే నీళ్లు కలిపితే మొత్తం టన్ను దాటిపోతుంది. నివాస గదుల నేలను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున బరువును మోసేలా డిజైన్ చేస్తారు. నువ్వు ఒక్క చదరపు మీటరు మీదే టన్ను పెట్టబోతున్నావు. గది మొత్తం మీద ఆ బరువు ఎలా పంచుకుంటుందన్నది కట్టడాన్ని బట్టి మారుతుంది కనుక, కింది అంతస్తులో నేల మీద నేరుగా పోసిన కాంక్రీటు అయితే తప్ప, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి చూపించకుండా ముందుకు వెళ్లవద్దు. బరువు మోసే గోడ పక్కన, దూలాలకు అడ్డంగా పెడితే మేలు. ట్యాంకు గుమ్మంలోంచి, మెట్ల మలుపులోంచి పడుతుందో లేదో టేపు పెట్టి కొలుచుకో.

ఎత్తు 60 సెంటీమీటర్లకు మించనివ్వకు. స్టాండు మీద నిలబెట్టాక, అడుగున పడిన పగడపు ముక్కను తీయడానికి నిచ్చెన ఎక్కి భుజం దాకా చెయ్యి ముంచాల్సి వస్తే, ఆ పనిని రేపటికి వాయిదా వేస్తూనే ఉంటావు. డబ్బు మిగిలితే దాన్ని వెడల్పు మీద పెట్టు. వెడల్పు పెరిగిన కొద్దీ నీటి ఉపరితలం పెరుగుతుంది, ఆక్సిజన్ ఎక్కువగా కలుస్తుంది, రాళ్ల వెనుక నీరు తిరగడానికి చోటు దొరుకుతుంది. అద్దం, అక్రిలిక్ రెండింటిలో అక్రిలిక్ తేలిక, కానీ గీతలు పడుతుంది. పగడాల ట్యాంకులో అద్దాల మీద పెరిగే నాచును తరచుగా గీకాల్సి ఉంటుంది గనుక నా ఓటు అద్దానికే.

ఇక సంప్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కొత్తవారు తక్కువగా ఆలోచించేది దీని గురించే. పై ట్యాంకులో నీరు అంచు దాటి ఓవర్‌ఫ్లో పెట్టెలోకి, అక్కడి నుంచి గొట్టాల ద్వారా కింది సంప్‌లోకి దిగుతుంది. రిటర్న్ పంపు దాన్ని మళ్లీ పైకి పంపుతుంది. కరెంటు పోగానే పంపు ఆగుతుంది గానీ, పైనున్న నీరు ఓవర్‌ఫ్లో అంచు మట్టానికి చేరేదాకా దిగుతూనే ఉంటుంది. నీ ట్యాంకులో ఒక్క సెంటీమీటరు నీరంటే దాదాపు 11 లీటర్లు. మూడు సెంటీమీటర్లు దిగితే 32 లీటర్లు, గొట్టాల్లో ఉన్నది కలుపుకుంటే సుమారు 40 లీటర్లు. సంప్ 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉంటే, అందులో నీటిమట్టం పది సెంటీమీటర్లు లేస్తుంది. అంటే 40 సెంటీమీటర్ల ఎత్తున్న సంప్‌ను మామూలు రోజుల్లో 25 సెంటీమీటర్లకు మించి నింపకూడదు. ఆ గీతను సంప్ అద్దం మీద చెరగని మార్కరుతో గీసి ఉంచు. రిటర్న్ గొట్టం మూతి నీళ్లలో లోతుగా మునిగి ఉంటే, పంపు ఆగినప్పుడు అదే వెనక్కి సైఫన్‌లా లాగి, మూతి గాలిలోకి తేలేదాకా ట్యాంకును ఖాళీ చేస్తుంది. కనుక మూతిని ఉపరితలానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కిందే ఉంచు. నీటిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వు పెట్టాం కదా అని ధీమాగా ఉండవద్దు. ఉప్పు పేరుకున్నా, చిన్న నత్త ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు.

నీరు దిగే గొట్టాలు మూడు పెట్టించు: ఒకటి పూర్తిగా నీటితో నిండి నిశ్శబ్దంగా దించేది, రెండోది కొద్దిపాటి నీటిని గాలితో కలిపి దించేది, మూడోది మామూలుగా పొడిగా ఉండి మొదటిది మూసుకుపోయిన రోజున మొత్తం నీటిని మోసేది. రంధ్రాలు ట్యాంకు తయారయ్యేటప్పుడే వేయించాలి. టెంపర్డ్ అద్దానికి ఆ తర్వాత రంధ్రం వేయబోతే అది ముక్కలుముక్కలుగా పగిలిపోతుంది.

రిటర్న్ పంపు గంటకు ట్యాంకు నీటికి నాలుగైదు రెట్లు తిప్పితే చాలు. పగడాలకు కావలసిన ప్రవాహం గంటకు 20 నుంచి 40 రెట్లు ఉంటుంది. దాన్ని ట్యాంకు లోపల పెట్టే వేవ్ పంపులతో తెచ్చుకోవాలి. వాటిలో ఒకదానికైనా బ్యాటరీ బ్యాకప్ ఉండి తీరాలి. ఉప్పునీటిలో మంచినీటి కన్నా ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, నీరు వేడెక్కితే ఇంకా తక్కువ. కరెంటు పోయిన గదిలో నీరు చల్లబడటానికో వేడెక్కడానికో చాలాసేపు పడుతుంది; కదలని నీటిలో ఆక్సిజన్ మాత్రం అంతకన్నా ముందే తరిగిపోతుంది. ఇన్వర్టరు చిన్నదైతే లైట్లనూ, నీటిలోని మలినాలను నురగగా తీసే స్కిమ్మర్‌నూ వదిలేసి, నీటిని కదిలించే పంపుకే దాన్ని కేటాయించు.

విద్యుత్ విషయంలో రాజీ పడకు. ఉప్పునీరు, కరెంటు, తడి చెయ్యి ఒకే చోట ఉండే పని ఇది. కరెంటు లీకైన వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా ఒక్క ప్లగ్గు కూడా పెట్టవద్దు. అవి రెండు ఉండి, పరికరాలు వాటి మధ్య పంచబడి ఉంటే, ఒకటి ట్రిప్ అయినా ట్యాంకులో సగం నడుస్తూ ఉంటుంది. ప్రతి తీగా ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా అమర్చు, అప్పుడు తీగ వెంట జారే చుక్క వంపు దగ్గరే నేల మీద పడుతుంది. ప్లగ్గులను సంప్ ఉన్న అరలో పెట్టవద్దు. ఆ తేమలోని ఉప్పు ఇత్తడి పిన్నుల మీద కొద్ది నెలల్లోనే పచ్చటి పొరగా పేరుకుంటుంది.

హీటర్లు రెండు కొను, ఒక్కొక్కటి కావలసిన శక్తిలో సగమే ఉండాలి. హీటర్ చెడిపోయినప్పుడు దాని థర్మోస్టాట్ వెలిగిన స్థితిలోనే ఇరుక్కుపోవడం తరచుగా జరుగుతుంది. 300 వాట్ల హీటర్ ఆగకుండా వెలిగినా 700 లీటర్ల నీటిని గంటకు అర డిగ్రీ కూడా పెంచలేదు. దాన్ని నువ్వు గమనించడానికి సమయం దొరుకుతుంది. పైన వేరే కంట్రోలరు కూడా ఉంటే, థర్మోస్టాట్ ఇరుక్కున్నా అది కరెంటును ఆపుతుంది. 25, 26 డిగ్రీలు లక్ష్యంగా పెట్టుకో. గది వేడి 30 డిగ్రీలు దాటే చోట నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పదు. దాని వేడిగాలి బయటికి పోయే దారి ముందే చూసుకో, లేకపోతే అది వదిలిన వేడి గదిలోనే తిరిగి చిల్లరే అలసిపోతుంది.

నీటి తయారీకి, కరిగి ఉన్న లవణాలన్నింటినీ వడకట్టే ఆర్‌ఓ డీఐ యూనిట్ కొను. ఆ లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. కుళాయి నీటిలో రాగి ఆనవాళ్లున్నా వెన్నెముక లేని జీవులకు విషమే. సముద్రపు ఉప్పదనం వెయ్యికి 35 వంతులు. నీ ట్యాంకు, సంప్ కలిపి 700 లీటర్లు అనుకుంటే మొదటిసారి నింపడానికే సుమారు 25 కిలోల సాల్ట్ మిక్స్ పడుతుంది, మిశ్రమంలో తేమ ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 వంతుల ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకో. మంచినీటితో సున్నా చూపినంత మాత్రాన పైన సరిగ్గా చూపుతుందన్న నమ్మకం లేదు. ఒక డ్రమ్ము శుద్ధి చేసిన నీటికి, ఒకటి కలిపిన ఉప్పునీటికి, రెండింటికీ చోటు ఇప్పుడే కేటాయించు. ఆ డ్రమ్ములు పెట్టడానికి చోటు లేని ఇంట్లో నీరు మార్చే పని నెలలో రెండుసార్లు కూడా జరగదు.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది. కాబట్టి తగ్గిన మట్టాన్ని శుద్ధమైన మంచినీటితో నింపే ఆటో టాప్ ఆఫ్ అవసరం. దాని డబ్బా మాత్రం చిన్నదిగా ఉండాలి. సెన్సరు ఇరుక్కుని 20 లీటర్ల డబ్బా మొత్తం ఖాళీ అయినా ఉప్పదనం 35 నుంచి 34కు మాత్రమే పడుతుంది. 100 లీటర్ల డ్రమ్ముకు నేరుగా కలిపితే 31 లోపుకు పడిపోయి, పగడాలు కుదేలైపోతాయి, సంప్ కూడా పొంగుతుంది. రోజూ డబ్బా నింపే శ్రమను భరించు, అది మంచి బీమా.

ప్రోటీన్ స్కిమ్మర్ ఉప్పునీటిలోనే బాగా పని చేస్తుంది, ఎందుకంటే అందులో అతి సన్నని బుడగలు కలిసిపోకుండా నిలుస్తాయి, కరిగి ఉన్న సేంద్రియ మలినాలు వాటికి అంటుకుని పైకి నురగగా వస్తాయి. సంప్‌లో నీటిమట్టం మారని భాగంలో దాన్ని పెట్టు. నీటిని శుద్ధి చేసే అసలు భారం మాత్రం రాళ్ల మీద బతికే బ్యాక్టీరియాదే. 1960ల తొలినాళ్లలోనే జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సజీవ శిలలతో (బ్యాక్టీరియా, చిన్న జీవులు నిండిన సముద్రపు రాళ్లతో), గాలి బుడగలతో సముద్రజీవులను పోషించి చూపాడు. ఆ తర్వాత సజీవ శిలలకు బలమైన స్కిమ్మర్‌ను జోడించిన విధానం బెర్లిన్ పద్ధతి పేరుతో వ్యాపించింది. ఇప్పటికీ మనం చేసేది దాదాపు అదే. రాళ్లను ఇసుక పోయకముందే నేరుగా ట్యాంకు అడుగున కదలకుండా కూర్చోబెట్టు. ఇసుక మీద నిలబెడితే, తవ్వే చేప ఒకటి వస్తే చాలు, గుట్ట కూలుతుంది. ఇంకొక హెచ్చరిక: జోయాంథస్, పాలిథోవా జాతి పాలిప్‌లు (పగడాల వంటి చిన్న మెత్తని జీవులు) ఉన్న రాయిని ఎన్నడూ మరిగించవద్దు, పొడిగా గీకవద్దు. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది, ఆవిరి ద్వారా కూడా అది మనుషులను ఆసుపత్రి పాలు చేసింది. చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఎప్పుడూ పెట్టుకో.

ట్యాంకును ముందు మంచినీటితో నింపి వారం పాటు లీకేజీ చూడు. తర్వాత ఉప్పునీరు, రాళ్లు వేసి, చేపలేమీ లేకుండా అమ్మోనియా చుక్కలతోనే సైకిల్ చేయించు, అంటే వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియాను పెరగనివ్వు. లీటరుకు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే బ్యాక్టీరియా సిద్ధమైనట్టు. దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత గోధుమరంగు పొర రాళ్లను కప్పినప్పుడు కంగారుపడి మందులు పోయవద్దు, అది దానంతటదే పోతుంది.

పగడాల్లో మొదట మెత్తని జాతులతో ఆరంభించు. లైట్ల గురించి పెద్ద చర్చ అక్కర్లేదు: మంచి ఎల్‌ఈడీ, రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు. గట్టి పగడాలు పెంచే రోజున కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8, 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర నిలకడగా ఉంచు. అంకె కన్నా నిలకడ ముఖ్యం. గట్టి పగడాలన్నీ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటెస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. స్థానిక చట్టాలు అంతకన్నా కఠినంగా ఉండవచ్చు కనుక అమ్మేవారిని కాగితాలు అడుగు, చూపలేకపోతే కొనకు.

చేపల కోసం వేరే చిన్న క్వారంటైన్ ట్యాంకు ఉంచు. క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి తెల్ల చుక్కలుగా కనిపించి, చేప నుంచి రాలి, ఇసుకలో గూడు కట్టి, మళ్లీ వందలుగా పొదుగుతుంది. దానికి మందు రాగి. ఆ రాగిని పగడాలున్న ట్యాంకులో వేయలేం. ఒక్కసారి ఆ పరాన్నజీవి లోపలికి వచ్చిందంటే చేపలన్నింటినీ పట్టి బయట ఉంచి, ట్యాంకును 76 రోజుల పాటు చేపలు లేకుండా వదిలేయడమే చాలామంది పాటించే మార్గం. రాళ్ల మధ్య నుంచి చేపలను పట్టడమంటే కట్టిన గుట్టనంతా విప్పడమే. కొత్త చేపను నెల రోజులు విడిగా ఉంచడం అంతకన్నా చాలా తేలిక.

జాతుల్లో బ్లూ టాంగ్ అందరికీ ముద్దు వస్తుంది, కానీ అది 30 సెంటీమీటర్ల వరకు పెరిగి రోజంతా ఈదే చేప. నీ ఆరడుగుల ట్యాంకు దానికి ఇరుకే. మాండరిన్ చేప రాళ్లలో పుట్టే కోపెపాడ్‌లనే అతి చిన్న జీవులను తిని బతుకుతుంది కనుక ట్యాంకు ఏడాది నిండేదాకా దాని జోలికి వెళ్లకు. వీలైనంత వరకు హ్యాచరీలో పుట్టిన చేపలనే కొను. క్లౌన్ చేపలు సులభంగా దొరుకుతాయి, ఎల్లో టాంగ్‌ను కూడా 2015లో హవాయీలోని ఓషనిక్ ఇన్‌స్టిట్యూట్ బందీగా పుట్టించి పెంచింది. సాధు జాతులను ముందు, టాంగ్‌ల వంటి పెత్తనం చేసేవాటిని చివర వదులు. పైన వల మూత మర్చిపోకు, వ్రాస్ చేపలు చీకట్లో బెదిరి గెంతుతాయి.

జీవులేవీ రాకముందే, ఒట్టి ఉప్పునీరు తిరుగుతున్న దశలో, మెయిన్ స్విచ్ ఆపి పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. నీరు ఎక్కడి దాకా దిగిందో, సంప్‌లో ఎక్కడి దాకా లేచిందో, బ్యాటరీ పంపు తనంత తానే మొదలైందో లేదో, మళ్లీ స్విచ్ వేసినప్పుడు అన్నీ సరిగ్గా అందుకున్నాయో లేదో చూసుకో. పగలూ రాత్రీ కూడా ఇలా చేసి చూడు. ఈలోగా సంప్ బొమ్మ గీసి, ఓవర్‌ఫ్లో అంచు ఎత్తు, గొట్టాల వ్యాసం, రిటర్న్ మూతి లోతు దాని మీద రాసి నాకు పంపు. వాటిని సరిచూసి చెప్పేదాకా అద్దానికి రంధ్రాలు వేయించవద్దు.

నీ శ్రేయోభిలాషి,
పెదనాన్న