సౌదీ లెక్కతో జర్మనీకి బయలుదేరకండి

ప్రశ్న: నా వయసు 34. మాది అన్నమయ్య జిల్లా. బెంగళూరులో నర్సింగ్ చదివి, ఆరేళ్లు సౌదీలో ఒక ఆసుపత్రిలో పనిచేశాను. కాంట్రాక్టు పొడిగించకపోవడంతో తిరిగొచ్చేశాను. ఇప్పుడు బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలకు 38,000 రూపాయల జీతం. మావారు క్యాబ్ నడుపుతారు. కారు కిస్తీ, డీజిల్ పోను 22,000 దాకా మిగులుతుంది. పాప మూడో తరగతి చదువుతోంది. జర్మన్ భాషలో బీ1 పూర్తి చేశాను. 6 లక్షలు కడితే జర్మనీలో నర్సు ఉద్యోగం ఇప్పిస్తామని ఒక ఏజెన్సీ అంటోంది. జీతం 2,900 యూరోలు. 2.2 లక్షల ఎఫ్‌డీ తీసేసి, నగల మీద 1.8 లక్షలు, తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెద్దామనుకుంటున్నాం. ఆ వడ్డీ అప్పు కన్నా బ్యాంకు యాప్‌లో ఇస్తామంటున్న పర్సనల్ లోన్ మేలా? వెళ్లాక నెలకు లక్ష మిగిలితే ఎందులో పెట్టాలి? సౌదీకి కూడా అప్పు చేసే వెళ్లాను, ఏడాదిన్నరలో తీర్చేశాను. అత్యవసరమైతే హొసకోటె దగ్గర సైటు ఎలాగూ ఉంది.
— పేరు వద్దన్న పాఠకురాలు, కేఆర్ పురం, బెంగళూరు

జవాబు: మీ పూర్తి ఉత్తరం, దానితో పంపిన కాగితాలు చూశాను. ఏ అప్పు మేలని అడిగారు. రెండూ వద్దు. నగల మీద అప్పు కూడా వద్దు. ఇంత కటువుగా చెప్పడానికి కారణం ఉంది. విదేశాలకు వెళ్లే నర్సులు, వంటవాళ్లు, వెల్డర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అందరూ చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు. ఉన్న డబ్బంతా ప్రయాణం మీద పెట్టి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా విమానం ఎక్కుతారు. మొదటి జీతం నుంచే అన్నీ సర్దుకుంటాయని నమ్ముతారు.

సౌదీలో అలా సర్దుకుంది నిజమే. ఎందుకు సర్దుకుందో చూడండి. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఉండటానికి ఆసుపత్రి హాస్టల్, రాకపోకలకు ఆసుపత్రి బస్సు. మీ ఖర్చల్లా తిండి, ఫోను. చేతికొచ్చిన జీతం దాదాపు మొత్తం ఇంటికి పంపగలిగారు కాబట్టే అప్పు ఏడాదిన్నరలో తీరింది. జర్మనీలో ఆ సౌకర్యం ఏదీ ఉండదు. 2,900 యూరోలన్నది కోతలకు ముందు జీతం. పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా వంటి కోతలు కలిపి మూడో వంతుకు దగ్గరగా పోతుంది. చేతికి వచ్చేది 1,950 యూరోల చుట్టుపక్కల. అందులో అద్దె, హీటింగ్, కరెంటు, తిండి, ప్రయాణం పోను 700 యూరోలు మిగిల్చారంటే గట్టి పొదుపరి కిందే లెక్క. యూరోకు నూరు రూపాయలు వేసుకున్నా 70,000. మీరు రాసిన లక్ష ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు ఆ 2,900 కూడా మొదటి నెల నుంచి రాదు. మన నర్సింగ్ డిగ్రీకి అక్కడ అధికారిక గుర్తింపు వచ్చేదాకా మిమ్మల్ని సహాయకురాలిగానే తీసుకుంటారు, జీతం కూడా ఆ స్థాయిలోనే ఇస్తారు. గుర్తింపు కోసం పరీక్ష రాయాలి, లేదంటే ఆసుపత్రిలోనే శిక్షణ కాలం పూర్తి చేయాలి. భాష బీ1కి పై మెట్టయిన బీ2 స్థాయికి చేరాలి. వీటికి నెలలు పడతాయి, కొందరికి ఏడాది దాటుతుంది. ఏజెన్సీ ఇచ్చిన కాగితం నకలు మీరు జతచేశారు కదా, దానిలో 2,900 అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉంది. "గుర్తింపు అనంతరం" అన్న రెండు మాటలు అడుగున, చుక్క గుర్తు పక్కన ఉన్నాయి. దాని కింది వరుసలోనే "ఒకసారి కట్టిన రుసుము వాపసు ఇవ్వబడదు" అని కూడా ఉంది. మీరు చదివారో లేదో తెలియదు కానీ, నేను రెండుసార్లు చదివాను.

ఇప్పుడు ఇంటి ఖర్చుల కాగితానికి వద్దాం. అద్దె 14,000, పాప బడి, వ్యాను 5,500, సరుకులూ పాలూ గ్యాసూ 12,000, ఊళ్లో అమ్మగారి మందులకు 3,500. మొత్తం 35,000. మీరు విమానం ఎక్కిన రోజున మీ 38,000 ఆగిపోతుంది. మిగిలేది మీవారి 22,000, అదీ కారు మూలన పడకుండా ఉంటే. నెలకు 13,000 లోటు. దానికి వడ్డీ అప్పు మీద 4,000, నగల అప్పు మీద సుమారు 1,500 కలపండి. లోటు 18,500. ఎఫ్‌డీ తీసేశాక మీ సేవింగ్స్ ఖాతాలో ఉండేది 18,000 అని మీరే రాశారు. ఒక్క నెల లోటుకు కూడా చాలదు.

మరి అక్కడి నుంచి మొదటి డబ్బు ఎప్పుడొస్తుంది? జీతం నెల చివర ఇస్తారు. మొదటి నెల చేతి డబ్బుతోనే బతకాలి. ఆసుపత్రి హాస్టల్ ఇచ్చినా కొన్ని నెలలకే ఇస్తుంది, తర్వాత ఇల్లు చూసుకోవాలి. అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదని జర్మన్ చట్టమే చెబుతుంది. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చి అలవాటైన మనకు ఇది చవకగానే తోస్తుంది. కానీ అక్కడ చాలా ఇళ్లు ఖాళీ గోడలతో ఇస్తారు. వంటింట్లో సింకు, పొయ్యి కూడా ఉండవు, పాత అద్దెదారు విప్పుకొని పోతాడు. 500 యూరోల అద్దె ఇంటికి అడ్వాన్సు 1,500, మొదటి నెల బతుకుతెరువుకు మరో 1,000. ఇవి చేతిలో ఉండాలి. నాలుగు నెలలు ఇంటికి ఏమీ పంపలేరనుకునే ప్రణాళిక వేసుకోవాలి. ఆ నాలుగు నెలల్లో మీవారు మరో 74,000 అప్పు చేస్తారు, నూటికి రెండు చొప్పునో మూడు చొప్పునో.

పైగా మొదటి ఆరు నెలలు సాధారణంగా ప్రొబేషన్. ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో ఎవరైనా ఎవరినైనా వదిలించుకోవచ్చు. మీ నివాస అనుమతి ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. సొంత ఊళ్లో ఉద్యోగం పోతే అత్తింటికో పుట్టింటికో వెళ్లి నాలుగు రోజులు తలదాచుకుంటాం. పరాయి దేశంలో ఉద్యోగం పోతే అద్దె ఆగదు, వీసా గడువు ఆగదు, అప్పులవాడూ ఆగడు. అందుకే వలస వెళ్లేవారికి అత్యవసర నిధి ఇక్కడున్న వారికన్నా పెద్దదిగా ఉండాలని, అది రెండు చోట్ల ఉండాలని నేను పదే పదే చెబుతుంటాను. ఇది మీకు కొత్త సంగతేమీ కాదు. సౌదీ నుంచి వచ్చాక బెంగళూరులో ఉద్యోగం దొరకడానికి ఐదు నెలలు పట్టిందని, గాజులు అమ్ముకున్నామని మీరే రాశారు. మరి ఈసారి మళ్లీ ఖాళీ చేతులతో ఎందుకు?

అప్పుడు చేతిలో డబ్బు లేకపోవడానికి కారణం ఆ సైటే. సౌదీ చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపై ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇస్తారు. ఆరేళ్లకు మీకు మూడున్నర నెలల జీతం వచ్చి ఉంటుంది. అదే మీ అత్యవసర నిధి. దాన్ని తెచ్చి హొసకోటె దగ్గర మట్టిలో పోశారు. అదీ రెవెన్యూ సైటు. వ్యవసాయ భూమిని మార్పిడి చేయించకుండా ముక్కలు కోసి అమ్మినదానికి బ్యాంకు అప్పు ఇవ్వదు, కొనేవాడు సగం ధర అడుగుతాడు. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టాల్సిన రాత్రి అది అక్కరకు రాదు. అమ్మాలా, ఉంచాలా అన్నది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. అత్యవసర నిధి లెక్కలోంచి మాత్రం ఇవాళే తీసేయండి.

మీ దగ్గర ఉన్న అసలైన అత్యవసర నిధి ఆ 2.2 లక్షల ఎఫ్‌డీ. నెలకు 35,000 చొప్పున ఆరు నెలల ఇంటి ఖర్చుకు 2.1 లక్షలు కావాలి. అచ్చంగా అంతే ఉంది. దాన్ని ముట్టుకోవద్దు. మీవారి పేరు కూడా కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించండి. మీరు అక్కడుండగా సంతకం కోసం ఇక్కడ ఎవరూ కాచుకు కూర్చోనక్కరలేదు.

జర్మనీ వైపు నిధికి 2,500 యూరోలు, తిరుగు టికెట్‌కు కొంత. దానికి దారి మీ కాగితంలోనే ఉంది. నెలకు 10,000 చొప్పున మీరు కడుతున్న 3 లక్షల చీటీ ఇంకా 11 నెలల్లో ముగుస్తుంది. ఇప్పుడే పాడుకుని ఏజెన్సీకి కట్టేద్దామన్న ఆలోచన మానుకోండి. చివరి దాకా ఉంటే, చట్టం ఒప్పుకునే గరిష్ఠ కమీషన్ 7% పోయినా 2.79 లక్షలు చేతికొస్తాయి. అది రిజిస్టరైన చీటీయేనా అన్నది ముందు తేల్చుకోండి. ఈ 11 నెలల్లో ఉద్యోగం చేస్తూనే బీ2 పూర్తి చేయండి. ఇందిరానగర్‌లో గోథె ఇన్‌స్టిట్యూట్ ఉంది, మీకు కేఆర్ పురం నుంచి దూరమేమీ కాదు. బీ2 చేతిలో ఉంటే గుర్తింపు త్వరగా వస్తుంది, సహాయకురాలి జీతంతో గడిపే నెలలు తగ్గుతాయి. ఇంతకన్నా మంచి రాబడినిచ్చే పెట్టుబడి మీకు నేను చూపించలేను.

ఇక ఆ 6 లక్షలు. వలస చట్టం 1983 కింద నమోదైన ఏజెంటు మీ దగ్గర వసూలు చేయదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు. 18% జీఎస్టీతో 35,400. భాషా తరగతులు, పత్రాల అనువాదం, 75 యూరోల వీసా రుసుము వేరు. వాటన్నిటినీ కలిపినా 6 లక్షలు ఎలా అవుతుందో ఆ పెద్దమనిషినే అడగండి. నమోదైన ఏజెంటో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. జర్మనీకి నర్సులు కావాలి. నియామకం ఖర్చు చాలాచోట్ల ఆసుపత్రే భరిస్తుంది. జర్మన్ ప్రభుత్వ ఉపాధి సంస్థ, ఆ దేశపు అంతర్జాతీయ సహకార సంస్థ జీఐజెడ్ కలిసి నడిపే ట్రిపుల్ విన్ కార్యక్రమంలో నర్సుల నుంచి రుసుమే తీసుకోరు. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా దానిలో భాగస్వామి. మనకు విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వ సంస్థలే ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. మీరు అన్నమయ్య జిల్లా వారు కాబట్టి ఓంక్యాప్‌లో ముందు విచారించండి.

బీమా మాట మీరు ఎత్తనే లేదు. బెంగళూరు ఆసుపత్రి ఇచ్చిన గ్రూపు పాలసీలో మీవారు, పాప ఉన్నారు. మీరు ఉద్యోగం వదిలిన రోజున అది పోతుంది. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిము రాదు. కనుక రాజీనామాకు కనీసం రెండు నెలల ముందే ఇద్దరికీ కలిపి 10 లక్షల ఫ్లోటరు (కుటుంబమంతటికీ ఒకే ఆరోగ్య బీమా పాలసీ) తీసుకోండి. అమ్మగారికి విడిగా తీసుకోండి. ఆవిడకు ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. టర్మ్ పాలసీ కూడా ఇక్కడుండగానే, విదేశీ ప్రయాణం సంగతి దాచకుండా తీసుకోండి. మీ మీద ఆధారపడినవాళ్లు ముగ్గురున్నారు.

ఎందులో పెట్టాలన్న ప్రశ్నకు ఇప్పట్లో పెద్దగా చెప్పేదేమీ లేదు. వెళ్లాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవారి ఇక్కడి డబ్బుకు ఖాతా) మార్పించి, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి. పాప సుకన్య ఖాతా ఆపకండి. సిప్‌లు మొదలుపెట్టడం గుర్తింపు వచ్చాక, పూర్తి జీతం మూడు నెలలు చేతికందాక. మరో సైటు గురించి మాత్రం నన్ను అడగవద్దు.

ఏజెన్సీ ఈ నెల 20లోగా మొదటి విడత లక్షన్నర కట్టాలంటోందని చివర్లో రాశారు. కట్టకండి. దాని బదులు ఒక ఈమెయిల్ పంపండి. నన్ను తీసుకునే ఆసుపత్రి పేరేమిటి, గుర్తింపుకు ముందు నా జీతం ఎంత, రెండేళ్లలోపు ఉద్యోగం మానేస్తే నేను ఎవరికి ఎంత కట్టాలి అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు ఫోనులో చెబుతామంటే ఒప్పుకోకండి, రాతలో కావాలనండి. ఇంకొకటి: వడ్డీకిచ్చేవారు ఖాళీ ప్రామిసరీ నోటు మీద, రెండు ఖాళీ చెక్కుల మీద మీవారి సంతకాలు అడిగారన్నారు. అవి ఇప్పటికే ఇచ్చి ఉంటే, డబ్బు ఇంకా తీసుకోలేదు కాబట్టి ఈ వారంలోనే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.