బీ450 బోర్డుకి ఏ డ్రైవ్?

తమ్ముడూ, బీ450 మదర్‌బోర్డుతో పీసీ కడుతున్నా, విండోస్ చకచకా తెరుచుకోవడానికి 7200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) హార్డ్ డిస్క్ సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. పెద్ద ఫైలు కాపీ చేసేటప్పుడు సెకనుకి 200 ఎంబీ అటూఇటూ ఇస్తుంది గానీ, చిన్న ఫైళ్ల దగ్గర చతికిలబడుతుంది; లోపల డేటా చదివే హెడ్ ప్రతిసారీ చోటు మారాలి మరి.

విండోస్‌కి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తీసుకో, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే, బోర్డు మీది ఎం.2 స్లాట్‌లో దూర్చే డ్రైవ్. జెన్ 4 (జెన్ 3 కంటే వేగమైన తరం) డ్రైవ్ కోసం డబ్బులు తగలెయ్యకు, నీ బోర్డు స్లాట్ జెన్ 3 వరకే. ఏది పెట్టినా వేగం సెకనుకి 3500 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. సినిమాలకి, ఫొటోలకి మామూలు హార్డ్ డిస్క్ చాలు.

కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే హార్డ్ డిస్క్ కేబుల్ పెట్టే సాటా పోర్టుల్లో ఒకటి రెండు పనిచేయవు. హార్డ్ డిస్క్ కనపడకపోతే టెన్షన్ పడకు, కేబుల్ వేరే పోర్టుకి మార్చు. ఎస్‌ఎస్‌డీని బిగించే బుల్లి స్క్రూ మామూలుగా బోర్డు డబ్బాలోనే వస్తుంది, చూసుకోకుండా పారేసేవు!